గడప నుండి గడపకు ఎంత దూరం?

సంక్రాంతి సెలవులలో ఒకనాటి సాయంకాలం మా కె. కోటపాడులో ఇంటి అరుగుమీద కూర్చుని ఉన్నాను. తొమ్మిదవ తరగతి చదివే పొరుగింటి కుర్రవాడు భూగోళ పుస్తకం చేతబట్టుకొని వచ్చి నా యెదుట నిలిచినాడు.

"మాస్టారూ! ఇశాపట్నం నుండి ఐదరాబాదుకి రైల్లో ఎల్తే ఏడొందల కిలోమీటర్లంట. రోడ్డుమీద ఎల్తే ఆరొందల పైచిలుకంట. ఇమానంలో ఎల్తే అయిదొందలేనంట. ఊళ్ళు రెండూ ఉన్నసోటే ఉన్నాయి గదండీ! దూరం ఎలగ తగ్గిపోనాదండీ?"

నవ్వబోయి ఆగినాను. పిల్లవాడు పరిహాసానికి అడుగలేదు. వాని లెక్క సరియైనదే. విశాఖపట్నం నుండి విజయవాడ మీదుగా సికిందరాబాదుకు రైలు మార్గం 699 కిలోమీటర్లు. రెండు విమానాశ్రయాలను సరళరేఖతో కలిపితే సుమారు 510 కిలోమీటర్లు. ఊళ్ళు కదలలేదు. నడుమ దాదాపు 190 కిలోమీటర్ల నేల ఏమైనట్టు?

ముప్పది యేండ్లుగా పాఠాలు చెప్పుతున్నవాడను గనుక వెంటనే ఏదో ఒక సమాధానం చెప్పి పంపివేయగలిగేవాడనే. కాని ఆ ప్రశ్న నాకు కొత్తది కాదు. మరొకరి నోట, మరొక సందర్భంలో, ఇంతకుముందొకసారి విని ఉన్నాను. ఆనాడు జవాబు చెప్పలేకపోయినాను. ఆ సంగతి ముందుకు వస్తుంది. మొదట పిల్లవాని బాకీ తీర్చుదాం.

ఆమడలు, చుట్టలు

దూరాన్ని కొలిచే మాటలు మన భాషలో ఎన్నో ఉన్నవి. బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు - ఇవి శరీరంతో కొలిచినవి. కూతవేటు దూరం గొంతుతో కొలిచినది. క్రోసు, ఆమడ నడకతో కొలిచినవి. ఆమడ అనగా ఇంచుమించు ఎనిమిది మైళ్ళు. ఆ లెక్కన విశాఖ విమానాశ్రయానికీ శంషాబాదుకూ నడుమ నలుబది ఆమడలు ఉన్నవన్నమాట.

మా తాతగారికి ఈ మాటలతో కూడ పని ఉండేది కాదు. పక్క ఊరు ఎంత దూరమని అడిగితే "రెండు చుట్టలు కాల్చేటంత" అనేవారు. చుట్ట కాలుటకు పట్టే కాలమే ఆయనకు కొలబద్ద. అనకాపల్లి బెల్లం మార్కెట్టుకు బండి కట్టుకొని వెళ్ళేటప్పుడు రాత్రి భోజనాలు కాగానే ఎడ్లను పూన్చి, వేగుచుక్క పొడిచే వేళకు చేరుకునేవారట. "అనకాపల్లి ఎంత దూరం తాతా?" అంటే "ఒక రాత్రి" అని జవాబు. అందులో మైళ్ళు లేవు. కాని వినేవాడికి కావలసినదంతా ఉన్నది: ఎప్పుడు బయలుదేరాలి, ఎప్పుడు చేరుతాం, నడుమ నిద్ర ఉంటుందా, ఉండదా.

మన పెద్దలు దూరాన్ని కాలంగా చెప్పుకున్నారు. మనం బడిలో దూరాన్నీ కాలాన్నీ విడదీసి, వేగం అనే మూడవదానితో ముడివేసి, లెక్కలు చేయిస్తున్నాం. రెండూ సరియైన పద్ధతులే. ఏ పద్ధతిలో కొలిచినామో మరచిపోయినపుడే చిక్కు వస్తుంది. కుర్రవానికి వచ్చిన చిక్కు ఇదే.

దారి వేరు, దూరం వేరు

రైలు సరళరేఖలో పోదు. విశాఖలో బయలుదేరి, సముద్రతీరానికి కొంచెం ఎడంగా నైరుతి దిక్కుగా దిగి, రాజమహేంద్రవరం వద్ద గోదావరిని దాటి, విజయవాడ చేరి, అక్కడ మోచేయి మడిచినట్టు వాయవ్యానికి తిరిగి, ఖమ్మం, కాజీపేటల మీదుగా సికిందరాబాదు చేరుతుంది. తూర్పు కనుమలను అడ్డంగా తొలిచికొని పోవడం కంటె మైదానం వెంట చుట్టు తిరిగిపోవడమే రైలుకు సుఖం. సరళరేఖ గీచి చూడండి. అది పాపికొండల దాపున గోదావరిని దాటి తిన్నగా పడమటికి పోతుంది. రైలు నడిచినది దారి. రేఖ చూపినది దూరం. పిల్లవానికి పోయినట్టు కనిపించిన 190 కిలోమీటర్లు దారిలోని వంకరలోనే ఉన్నవి.

ఈ మాట చెప్పగానే వాడు మరొక చిక్కు పెట్టినాడు. "మరి ఇమానం పైకి ఎక్కి పోతాది గదండీ! ఆ ఎక్కింది, దిగింది లెక్కెయ్యరా?" చక్కని ప్రశ్న. విమానం పది కిలోమీటర్ల ఎత్తున ఎగిరినదనుకుందాం. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు. ఆ పెద్ద సంఖ్య ముందు పది ఏపాటిది? అంత ఎత్తున పోయినందువల్ల 510 కిలోమీటర్లకు ఒక కిలోమీటరైనా పెరగదు. మనకు ఆకాశమంత ఎత్తుగా తోచేది భూగోళానికి బత్తాయిపండుమీది తొక్క పాటి కూడ కాదు.

భూగోళమనే మాట వచ్చింది గనుక ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన. మన విద్యార్థులు గోడమీది పటంలో సరళరేఖ గీచి అదే దగ్గరి దారి అనుకుంటారు. విశాఖకూ హైదరాబాదుకూ నడుమ ఆ పొరపాటు బయటపడదు. దూరాలు పెరిగితే బయటపడుతుంది. 2021 జనవరి 15న హైదరాబాదు నుండి చికాగోకు మధ్యలో ఎక్కడా ఆగని విమానం మొదలయినది. పటంలో చూస్తే చికాగోకు దారి అరేబియా, ఉత్తర ఆఫ్రికా, అట్లాంటికు మహాసముద్రం మీదుగా పడమటికి పోవలసినట్టు కనిపిస్తుంది. పటంమీది ఆ సరళరేఖను పట్టుకొని, దిక్సూచి దిక్కు మార్చక పోతే సుమారు 16,000 కిలోమీటర్లు అవుతుంది. గోళంమీద దారం పట్టి బిగించి చూడండి. దారం ఉత్తరానికి లేచి, ధ్రువానికి దాపుగా 79 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కి, అక్కడినుండి అమెరికాలోకి దిగుతుంది. ఆ దారం పొడవు సుమారు 13,300 కిలోమీటర్లు. పడమట ఉన్న ఊరికి ఉత్తరంగా బయలుదేరడం వింతగా తోచవచ్చును. ఆ వింత పటానిది, భూమిది కాదు. గుండ్రని వస్తువును చదును చేసి గోడకు కొట్టినందుకు మనం చెల్లించే మూల్యం అది.

పాఠశాలలో గ్లోబు లేకపోతే ఒక గుమ్మడికాయ చాలు. సున్నంతో రెండు చుక్కలు పెట్టి, వాటినడుమ దారం బిగించండి. పది నిమిషాలలో తెలిసివచ్చే పాఠం పది పుటల పుస్తకంతో తెలియదు.

కొలిచినవారి కథ

ఈ కొలతలు ఎవరు కొలిచినారు? నేడు ఉపగ్రహాల సాయంతో క్షణంలో దొరికే సంఖ్యల వెనుక రెండువందల యేండ్ల కాలినడక ఉన్నది. 1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర పరంగికొండ చేరువ మైదానంలో ఏడున్నర మైళ్ళ పొడవు గల ఒక ఆధారరేఖను ఉక్కు గొలుసుతో కొలవ మొదలుపెట్టినాడు. ఆ ఏడున్నర మైళ్ళు కొలుచుటకు 57 రోజులు పట్టినది. ఎండకు గొలుసు సాగుతుంది, చల్లదనానికి కుంచించుకుపోతుంది. ఆ తేడా కూడ లెక్కకు తీసుకొన్నాడు. ఒక భుజం పొడవు, రెండు కోణాలు తెలిస్తే త్రిభుజం మొత్తం తెలుస్తుందని మనం ఎనిమిదవ తరగతిలోనే చెప్పుతాం గదా! ఆ ఒక్క సూత్రాన్ని పట్టుకొని, త్రిభుజం మీద త్రిభుజం అల్లుకుంటూ, దక్షిణాన కన్యాకుమారి నుండి ఉత్తరాన హిమాలయాల దాకా దేశాన్నంతా కొలిచినారు. లెక్క ఎక్కడైనా తప్పినదా అని సరిచూచుటకు నడుమ నడుమ కొత్త ఆధారరేఖలు కొలిచేవారు. అటువంటి రేఖలలో ఒకదానిని 1862-63లో మన విశాఖపట్నం వద్దనే కొలిచినారు.

నేటి చెన్నై విమానాశ్రయం లాంబ్టన్ పని మొదలుపెట్టిన ఆ కొండ పక్కనే ఉన్నది. రెక్కలు విప్పుకొని అక్కడ దిగే విమానాలలోని ప్రయాణికులకు ఈ సంగతి ఎవరు చెప్పుతారు? గొలుసు పట్టుకొని ఎండలో నడిచిన కూలీల పేర్లు చరిత్రలో లేవు. వారి అడుగులమీదనే ఈనాటి మన దూరాల పట్టికలు నిలిచి ఉన్నవి.

సూర్యుడు నడిచే వేగం

దూరం సంగతి చూచినాం. ఇక కాలం. విశాఖకూ హైదరాబాదుకూ గడియారం ఒక్కటే అయినా సూర్యుడు ఒక్కసారి ఉదయించడు. విశాఖ విమానాశ్రయం రమారమి 83.2 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నది. శంషాబాదు 78.4 డిగ్రీల మీద ఉన్నది. భూమి ఒక డిగ్రీ తిరుగుటకు నాలుగు నిమిషాలు పడుతుంది. కాబట్టి విశాఖలో నడినెత్తికి వచ్చిన సూర్యుడు శంషాబాదులో నడినెత్తికి వచ్చేసరికి 19 నిమిషాలు పడుతుంది. మన పెద్దల కొలతలో గడియ అంటే 24 నిమిషాలు. అనగా సూర్యునికి ఇది గడియ కూడ పట్టని ప్రయాణం. విమానానికి మూడు గడియల పైమాట.

ఒకప్పుడు ఊరూరికీ వేరే కాలం ఉండేది. 1840లో గోడే వెంకట జగ్గారావుగారు విశాఖపట్నంలో సొంత ధనంతో ఖగోళ వేధశాల నెలకొల్పినారు. తరువాత దానిని ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు నడిపినారు. నక్షత్రాలను చూచి విశాఖ కాలాన్ని నిర్ణయించగల దుర్భిణులు ఆ వేధశాలలో ఉండేవి. రైళ్ళు వచ్చిన పిమ్మట ఊరికొక గడియారం ఉంటే బండి నడవదని తేలినది. 82½ డిగ్రీల రేఖాంశాన్ని ప్రమాణంగా తీసుకొని 1906 జనవరి 1న దేశానికంతటికీ ఒకే కాలం ఏర్పరచినారు. ఆ రేఖ మన తుని ప్రాంతం మీదుగానే పోతుంది. మా కోటపాడు దానికి కొంచెం తూర్పున ఉన్నది. అందుచేత మా ఊరి సూర్యుడు ప్రభుత్వ గడియారం కంటె రెండు నిమిషాలు ముందుగా నడుస్తాడు. పిల్లలకు ఈ మాట చెప్పి చూడండి. తమ ఊరికి సొంత సూర్యుడున్నట్టు సంబరపడతారు.

దేశం దాటినపుడు గడియారం చేసే మాయను కూడ నేర్పవలసి ఉన్నది. విశాఖ నుండి సింగపూరు సుమారు 2,900 కిలోమీటర్లు. విమానానికి నాలుగు గంటలు పట్టినదనుకుందాం. రాత్రి 11 గంటలకు బయలుదేరినవాడు ఎన్ని గంటలకు చేరుతాడు? తెల్లవారుజామున 3 గంటలకు అని విద్యార్థి వ్రాస్తాడు. సింగపూరు గడియారం మనకంటె రెండున్నర గంటలు ముందు. అక్కడ దిగేసరికి 5.30 అయి ఉంటుంది. తిరుగు ప్రయాణంలో అదే నాలుగు గంటలు గడియారంలో గంటన్నరగా కనిపిస్తుంది. గడియారం మారినదే కాని మనిషి ఆయుర్దాయంలో నాలుగు గంటలకు నాలుగు గంటలూ ఖర్చయినవి.

పట్టికలోని గంట

510 కిలోమీటర్ల దూరాన్ని గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం 38 నిమిషాలలో దాటాలి. ఏ విద్యార్థియైనా చేయగల లెక్క ఇది. కాని ప్రయాణ పట్టికలో గంటా పదిహేను నిమిషాలని ఉంటుంది. మిగిలిన 37 నిమిషాలు ఏమైనవి?

అవి ఎక్కడికీ పోలేదు. విమానం నిలిచిన చోటు వదలిన క్షణం మొదలు, గమ్యంలో మరల నిలిచిన క్షణం దాకా పట్టికలో లెక్కకట్టుతారు. నేలమీద మెల్లగా పాకుతూ రన్‌వే చివరకు పోవాలి. తన వంతు రావాలి. గాలికి ఎదురుగా లేవాలి. హైదరాబాదు పడమట ఉన్నా గాలి తూర్పునుండి వీస్తే మొదట తూర్పుకే లేచి, పిమ్మట వెనుకకు తిరగాలి. పైకి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పూర్తి వేగం ఉండదు. దిగేచోట రద్దీ ఉంటే ఆకాశంలోనే ఒకటి రెండు చుట్లు తిరగాలి. దగ్గరి ప్రయాణంలో ఈ ఎక్కుడు దిగుడులకే సగం కాలం పోతుంది. చికాగో వంటి దూరాలలో ఇవి లెక్కకు రావు. అందుచేతనే ప్రయాణం పొడవైనకొద్దీ విమానపు సగటు వేగం పెరుగుతుంది.

గాలిమాట కూడ చెప్పాలి. ఉత్తరార్ధగోళంలో పది కిలోమీటర్ల ఎత్తున పడమటినుండి తూర్పుకు బలమైన వాయుప్రవాహాలు నదులవలె పారుతూ ఉంటవి. హైదరాబాదు నుండి లండనుకు పోయే విమానం ఆ ఏటికి ఎదురీదాలి. తిరిగి వచ్చేది ఏటివాలున వస్తుంది. దూరం ఒక్కటే అయినా పోయేటప్పటి కాలం వేరు, వచ్చేటప్పటి కాలం వేరు. గోదావరిలో పడవ నడిపినవానికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇంతవరకు చెప్పినదంతా శాస్త్రం. పిల్లవాడు తృప్తిపడినాడు. నాకు మాత్రం తృప్తి కలుగలేదు. ఎందుకో చెప్పుతాను.

ఒక డిసెంబరు పగలు

2016 డిసెంబరులో ఒకనాడు ఉదయం పది గంటలకు హైదరాబాదు నుండి ఫోను వచ్చింది. మా అక్క ఆసుపత్రిలో ఉన్నది, పరిస్థితి బాగులేదు, వెంటనే రమ్మని బావగారు చెప్పినారు. రాత్రి బండికి పోతే మరునాటి ఉదయానికి గాని చేరను. విమానానికి టిక్కెట్టు దొరికినది. సాయంకాలం నాలుగున్నరకు. "గంటా పదిహేను నిమిషాలే గదా, సాయంత్రం ఆరింటికి అక్క దగ్గర ఉంటాను" అని అమ్మతో చెప్పి బయలుదేరినాను. ఆ మాట అన్నది లెక్కలు వచ్చిన మనిషే. చుట్టలతో దూరం కొలిచిన మా తాతగారైతే ఆ మాట అని ఉండరు.

పన్నెండు గంటలకు ఇల్లు వదలినాను. పెందుర్తి మీదుగా విశాఖ విమానాశ్రయం మాకు రమారమి 35 కిలోమీటర్లు. రెండు కాకముందే చేరినాను. తనిఖీలు, వరుసలు, ఎదురుచూపులు. విమానం నలుబది నిమిషాలు ఆలస్యంగా లేచినది. అది ఎవరి తప్పో నాకు తెలియదు, ఎవరినీ తప్పుపట్టను. ఆకాశంలో పోయినంతసేపూ సూర్యుడు ఎదుట పడమట దిగుతూనే ఉన్నాడు. మన అక్షాంశంలో భూమి తిరుగుడు వేగం గంటకు దాదాపు 1,590 కిలోమీటర్లు. విమానం అందులో సగం. సూర్యుని అందుకోలేదు. కాని అస్తమయాన్ని కొంచెం సాగదీస్తుంది. ఆ సాగిన సంధ్యను కిటికీలోనుండి చూస్తూ, పొద్దు ఇంకా ఉన్నది గదా అని ధైర్యం చెప్పుకున్నాను.

శంషాబాదులో దిగి బయటకు వచ్చేసరికి ఆరుంబావు దాటినది. ఆసుపత్రి నగరానికి ఉత్తరపు కొసన ఉన్నది. సాయంకాలపు రద్దీలో కారు అడుగు తీసి అడుగు వేసినట్టు కదిలినది. ఎనిమిదీ ముప్పావుకు చేరినాను. గుమ్మంలో బావగారు నిలుచుని ఉన్నారు.

"ఏడున్నర దాకా 'తమ్ముడేడీ' అని అడుగుతూనే ఉన్నది" అని మాత్రం అన్నారు.

అక్కకు మాట పోయినది. చేయి పట్టుకున్నాను. తెలిసినదో తెలియలేదో నాకు తెలియదు. మరునాటి ఉదయం కన్ను మూసినది.

ఆ రాత్రి ఊరికి ఫోను చేసినపుడు మా అమ్మ అడిగిన మాట ఒక్కటే. "ఎగిరి ఎల్లినావు గదరా బాబూ! అయినా అందుకోలేకపోనావేట్రా?"

మొన్న పిల్లవాడు అరుగుమీద అడిగిన ప్రశ్న ఇదే. "ఊళ్ళు ఉన్నసోటే ఉన్నాయి గదండీ!" ఆమెకు నేను త్రిభుజాలు చెప్పలేను, గాలివాటు చెప్పలేను. ఇంటి గడప దాటినప్పటినుండి ఆసుపత్రి గడప తొక్కినదాకా ఎనిమిదీ ముప్పావు గంటలు. అందులో ఆకాశయానం గంటా కొన్ని నిమిషాలు. 2023 జనవరి 15న మొదలయిన వందే భారత్ రైలు సికిందరాబాదుకూ విశాఖకూ నడుమ ఎనిమిదిన్నర గంటలలో నడిచినది. నా ఆనాటి ఆకాశయానానికి మొత్తంమీద పట్టిన కాలం ఇంచుమించు అంతే. నేను అమ్మకు చెప్పినది విమానాశ్రయం నుండి విమానాశ్రయానికి ఉన్న కాలం. ఆమె విన్నది కొడుకు నుండి కూతురుకు ఉన్న కాలం. తప్పు విమానానిది కాదు. రెండింటినీ ఒకటిగా చెప్పిన నాది.

ప్రవరుని పసరు

తెలుగు బోధించేవాడను గనుక ఈ సందర్భంలో ప్రవరుడు జ్ఞాపకం రాక తప్పదు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో అరుణాస్పదపురపు బ్రాహ్మణునికి దూరదేశాలు చూడాలని ముచ్చట. ఒక సిద్ధుడు పాదాలకు పసరు పూసినాడు. క్షణంలో హిమాలయం చేరినాడు. వింతలన్నీ చూచినాడు. మధ్యాహ్నపు వేళ అయినది, ఇంటికి పోవాలనుకున్నాడు. మంచు నీటికి పసరు కరగిపోయినది. కాలు కదపలేడు. అప్పుడు గాని అతనికి తన ఊరికీ హిమగిరికీ ఉన్న దూరం తెలియలేదు.

ఆ కథను మనం వరూధిని కోసమే చదువుతాం. ఒక్కసారి ప్రయాణం కోసం చదివి చూడండి. పోవుటకు క్షణం పట్టినది, తిరిగివచ్చుటకు దారియే లేదు. ప్రవరుని ఆవేదన ఎన్ని ఆమడలని కాదు. వేళకు ఇల్లు చేరి నిత్యకర్మ నెరవేర్చగలనా అని. దూరాన్ని మనిషి కొలుచుకునే అసలు కొలత పెద్దన ఆనాడే పట్టుకున్నాడు.

పసరు కరగుట నేటికీ జరుగుతూనే ఉన్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖమీద విరుచుకుపడినపుడు విమానాశ్రయపు కప్పు చెదిరిపోయినది. కొన్ని దినాలు విమానాలు లేవు. 510 కిలోమీటర్లు అలాగే ఉన్నవి. గంటా పదిహేను నిమిషాలు మాత్రం ఎక్కడా లేకుండా పోయినవి.

విమానాశ్రయాలు కదిలినపుడు

ఊళ్ళు కదలవు గాని విమానాశ్రయాలు కదులుతవి. 2008 మార్చి 23న హైదరాబాదు ప్రయాణికుల విమానాలు నగరం నడుమ ఉన్న బేగంపేటను వదలి శంషాబాదుకు మారినవి. ఆకాశంలో ఆ మార్పు కొద్ది నిమిషాల మాట. సికిందరాబాదులో నివసించేవానికి అది ప్రతి ప్రయాణంలోనూ గంటకు పైబడిన మాట. 2009 అక్టోబరులో మెహదీపట్నం నుండి ఆరాంఘరు దాకా పదకొండున్నర కిలోమీటర్ల పై వంతెన కట్టవలసివచ్చినది అందుకే. ఆకాశం దూరమైనపుడు నేలమీద వంతెన కట్టి దగ్గర చేసినారు.

మన ప్రాంతానికీ ఆ పాఠం వర్తిస్తుంది. విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది. అక్కడ 1981లో పౌరవిమానాలు మొదలయినవి. పదివేల అడుగుల కొత్త రన్‌వే 2007లో వచ్చినది. భోగాపురం వద్ద అల్లూరి సీతారామరాజు పేరిట కొత్త విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగినది. భోగాపురం నుండి శంషాబాదుకు సరళరేఖలో సుమారు 540 కిలోమీటర్లు. పాతదానికంటె 30 కిలోమీటర్లు ఎక్కువ. విమానానికి అది రెండు మూడు నిమిషాల పని. మా కోటపాడువానికి మాత్రం నేలమీది దారి ఇంచుమించు రెట్టింపు అవుతుంది. విజయనగరం, శ్రీకాకుళం వారికి అంతకంత దగ్గర అవుతుంది. ఒకరికి పెరిగినది మరొకరికి తగ్గినది. ఇందులో ఏడ్వవలసినది లేదు. కాని దూరాల పట్టికలో ఈ సంగతి ఎక్కడా కనిపించదు. అది రెండు విమానాశ్రయాల నడుమ దూరం చెప్పి ఊరుకుంటుంది. విమానాశ్రయంలో ఎవరూ కాపురముండరు. మనుష్యులు ఊళ్ళలో ఉంటారు.

కాబట్టి ఉపాధ్యాయులకు నా మనవి ఇది. దూరం, కాలం, వేగం లెక్కలు చెప్పేటప్పుడు ఒక్కసారైనా విద్యార్థిచేత తన ఇంటి గడప నుండి లెక్క వేయించండి. నల్లబల్లమీద మూడు గళ్ళు గీయండి. మొదటిదానిలో గోళంమీద దారం చెప్పే దూరం. రెండవదానిలో దారి చెప్పే దూరం. మూడవదానిలో గడప నుండి గడపకు పట్టే కాలం. మూడూ నిజాలే. "ఎంత దూరం?" అని ఎవరైనా అడిగినపుడు ఏ గడిలోని జవాబు అతనికి కావాలో ముందు తెలుసుకోవడం నేర్పండి. తల్లికి కావలసినదెప్పుడూ మూడవ గడిలోనే ఉంటుంది.

ఆ సాయంకాలం పిల్లవాని నోటుపుస్తకంలో నేనే ఆ మూడు గళ్ళు గీచి ఇచ్చినాను. వాడు వెళ్ళి, శ్రద్ధగా నింపుకొని, దీపాలవేళకు మరల వచ్చినాడు. రైలు, రోడ్డు, విమానం అన్నీ వ్రాసినాడు. మూడవ గడి దగ్గర మాత్రం పెన్సిలు నోట పెట్టుకొని నిలిచినాడు.

"మాస్టారూ! మన సెంటర్లో బస్సు కోసం నిలుసున్న సేపు కూడా ఇందులోనే ఎయ్యాలా అండీ?"

"అదే ముందు వెయ్యి నాయనా" అన్నాను.